బండి తెలుసు, దారి తెలియదు

ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అని ఒక పేట ఉంది. పేరు విని వాహనాల రద్దీ అనుకుంటే పొరపాటే. రైల్వే భాషలో ట్రాఫిక్ అంటే రైళ్లను నడిపించే విభాగం. స్టేషన్ మాస్టర్లు, గార్డులు, పాయింట్స్‌మన్లు ఆ విభాగం మనుషులు. రైల్వే పట్టణం కాబట్టి ఖరగ్‌పూర్‌లో ఇలాంటి పేర్లకు కొదవ లేదు. ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, మథురాకాటి, నింపురా, ట్రాఫిక్. ఈ క్వార్టర్ల మధ్య నడుస్తూ పోతే చెవిన పడే భాషల్లో బెంగాలీ, హిందీలతో పాటు తెలుగూ ఉంటుంది. అది కూడా శ్రీకాకుళం, విజయనగరం యాస తెలుగు.

ఈ ఇళ్లలో డ్రైవరు అనే మాటకు ఒకటే అర్థం. ‘మా నాన్న డ్రైవరు’ అని ఎవరైనా అంటే ఏ కారు అని అడిగేవాళ్లుండరు. ఏ లింకు అని అడుగుతారు. గూడ్సా, పాసింజరా, మెయిలా అని. ఇప్పుడు రైల్వే వారిని లోకో పైలట్లంటోంది గానీ పాత తరం నోట ఇంకా డ్రైవరే.

తెలుగువాళ్లు ఇక్కడికి ఎలా వచ్చారన్నది తెలిసిన కథే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1900లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నదిపై వంతెన పూర్తిచేసి ఖరగ్‌పూర్‌ను హౌరాతో కలిపింది. మరో రెండేళ్లకు ఈస్ట్ కోస్ట్ లైన్‌లో కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న భాగం కూడా ఆ కంపెనీ చేతికొచ్చింది. దాంతో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెలకు, ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు మధ్య ఒకే యజమాని రైలు నడవడం మొదలైంది. పని వెతుక్కునేవాడికి అంతకంటే ఏం కావాలి? వచ్చినవాళ్లు ఉండిపోయారు. ఎంతగా పాతుకుపోయారంటే, 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు అందుకు చూపిన కారణాల్లో ముందున్నది ఖరగ్‌పూర్ తెలుగువారే.

ఈ పేటలో ఒక ఇంటిని ఊహించుకోండి. తాత ఆవిరి ఇంజన్ల రోజుల్లో క్లీనరుగా చేరి, ఫైర్‌మన్ అయి, షంటరై, చివరికి డ్రైవరయ్యాడు. కొడుకు డీజిల్, ఎలక్ట్రిక్ ఇంజన్లు నడిపి మెయిలు డ్రైవరుగా రిటైరయ్యాడు. మనవరాలు ఇంజనీరింగ్ చదివి, పెళ్లి చేసుకుని, అమెరికా వెళ్లి డాలస్ శివార్లలో ఉంటోంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన నాలుగేళ్లు రోజూ కారు నడిపింది. మెహదీపట్నం నుంచి మాదాపూర్ దాకా కారు నడిపిన మనిషికి ప్రపంచంలో ఏ రోడ్డయినా లెక్కేమిటి అనుకుంది. టెక్సాస్‌లో డ్రైవింగ్ టెస్టుకు వెళ్లి మొదటిసారి తప్పింది. రెండోసారీ తప్పింది.

ఇంటికి ఫోన్ చేసి చెబితే తండ్రి వేసిన మొదటి ప్రశ్న విచిత్రంగా ఉంటుంది. ‘ఎల్.ఆర్. ఎన్ని ట్రిప్పులిచ్చారమ్మా?’

‘ఎల్.ఆరా? అదేం లేదు నాన్నా, డైరెక్టు టెస్టే.’

‘ఎల్.ఆర్. ఇవ్వకుండా బండెలా ఇస్తారమ్మా?’

రైల్వే ఇంట్లో పుట్టినవాళ్లకు తప్ప ఈ ప్రశ్న అర్థం కాదు. ఎల్.ఆర్. అంటే లెర్నింగ్ రోడ్, అంటే దారి నేర్చుకోవడం. ముప్పై ఏళ్లు ఇంజన్ నడిపిన డ్రైవరైనా సరే, వాల్తేరు నుంచి బదిలీ మీద ఖరగ్‌పూర్ వస్తే మర్నాడే టాటానగర్ గూడ్సు పట్టుకుపోలేడు. ఆ సెక్షన్ మీద ముందు మరో డ్రైవరు పక్కన కూర్చుని తిరగాలి. మామూలుగా మూడు రానుపోను ట్రిప్పులు. అందులో ఒకటి రాత్రిపూట. ఏ మలుపు చాటున సిగ్నల్ ఉంది, ఎక్కడ ఎగువ, ఎక్కడ దిగువ, ఏ వంతెన మీద వేగం తగ్గించాలి, ఏ లెవెల్ క్రాసింగ్ ముందు కూత వెయ్యాలి, పైన కరెంటు తీగలో ప్రవాహం లేని ముక్క ఎక్కడ వస్తుంది, ఇవన్నీ కళ్లతో చూసి బుర్రలో పెట్టుకోవాలి. ఆ తర్వాత ‘ఈ దారి నాకు తెలుసు’ అని సంతకం పెట్టాలి. అప్పుడే బండి చేతికిస్తారు. మూడు నెలలకు మించి ఆ సెక్షన్ వైపు వెళ్లకపోతే ఆ సంతకానికి విలువ పోతుంది. మళ్లీ ట్రిప్పు తిరగాల్సిందే. అత్యవసరంగా తెలియని దారిలో వెళ్లవలసి వస్తే, ఆ దారి తెలిసిన రైల్వే ఉద్యోగిని తోడివ్వాలని రూల్సు చెబుతాయి. అలా తోడు వచ్చేవాణ్ణి రైల్వే ‘పైలట్’ అంది. డ్రైవర్లందరినీ లోకో పైలట్లు చెయ్యకముందు ఆ మాటకున్న అర్థం దారి చూపించేవాడనే.

ఇందులో రెండు విషయాలు గమనించాలి. ఎల్.ఆర్. తిరుగుతున్న డ్రైవరును ఎవరూ అనుభవం లేనివాడుగా చూడరు. అతని జీతం ఆగదు, హోదా తగ్గదు. అలాగని అతని అనుభవాన్ని చూసి మొహమాటపడి బండి కూడా ఇవ్వరు. బండి నడపడం వేరు, దారి తెలియడం వేరు అని రైల్వే స్పష్టంగా విడదీసి చూసింది. పరాయి దేశానికి వెళ్లి కారు లైసెన్సు తెచ్చుకునే మనిషి విషయంలో ప్రపంచంలోని ప్రభుత్వాలు చాలావరకు చెయ్యలేకపోయిన పని సరిగ్గా ఇదే.

ఇండియా నుంచి వెళ్లేవారికి అందుబాటులో ఉన్న మొదటి కాగితం అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్. సొంత ఊరి ఆర్టీవో ఆఫీసులో పాస్‌పోర్టు, వీసా, ఉన్న లైసెన్సు చూపించి వెయ్యి రూపాయలు కడితే ఇస్తారు. ఏడాది చెల్లుతుంది. ఒకప్పుడు రాష్ట్రానికో తీరులో ఉండే ఈ పుస్తకాన్ని 2022 ఆగస్టులో కేంద్రం దేశమంతా ఒకే నమూనాలోకి తెచ్చింది. దీన్ని చేతిలో పెట్టుకుని చాలామంది విదేశాల్లో నడపడానికి లైసెన్సు వచ్చేసిందనుకుంటారు. నిజానికి అది లైసెన్సు కాదు, లైసెన్సుకు అనువాదం. 1949 నాటి జెనీవా రోడ్డు ఒప్పందం పుణ్యమా అని ఒక దేశం లైసెన్సును మరో దేశం పోలీసు చదువుకోవడానికి వీలుగా పుట్టిన చిన్న పుస్తకం. దాన్ని తీసుకునేందుకు ఎక్కడా ఏ పరీక్షా ఉండదు. కుడివైపు నడిపే దేశానికి వెళుతున్నారా అని అడిగేవాళ్లూ ఉండరు.

అక్కడికి చేరాక ఏం జరుగుతుందో చూడండి. బ్రిటన్‌లో కాపురం పెట్టిన భారతీయుడు తన ఇండియా లైసెన్సు మీద 12 నెలలు నిక్షేపంగా కారు నడుపుకోవచ్చు. విమానం దిగిన రోజు, నిద్ర కళ్లతో, చలికాలపు చీకట్లో, అయిదు దారులు కలిసే రౌండబౌట్‌లోకి దూసుకుపోవచ్చు. చట్టం అభ్యంతరం చెప్పదు. సరిగ్గా ఏడాది గడిచాక, ఆ రోడ్ల మీద వేల మైళ్లు తిరిగి అన్నీ అలవాటయ్యాక, 13వ నెల మొదటి రోజున అతను హఠాత్తుగా ఏమీ రానివాడైపోతాడు. ప్రొవిజనల్ లైసెన్సు తీసుకోవాలి. కారుకు ఎర్రటి ‘ఎల్’ అక్షరం అంటించుకోవాలి. పక్కన లైసెన్సున్న మనిషి లేకుండా కదలకూడదు. థియరీ పరీక్షలో 50 ప్రశ్నలకు 43 సరిచెప్పాలి. తెర మీద వీడియోలు చూస్తూ ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో పసిగట్టే పరీక్ష ఇంకొకటి. ఆ పైన రోడ్డు టెస్టు. టెక్సాస్‌లో గడువు 90 రోజులు, న్యూజెర్సీలో 60. కాలిఫోర్నియాలో నివాసం ఏర్పరుచుకున్నాక పది రోజులే. గడువుల్లో తేడా తప్ప పద్ధతి ఒకటే. ప్రమాదం ఎక్కువున్న తొలి రోజులు ఉచితం. దారి అలవాటయ్యాక పరీక్ష. రైల్వే దీన్ని తలకిందులుగా నడపడం అంటుంది.

కొత్తవాడు తప్పు చేసేది ఎక్కడో అక్కడి తెలుగువాళ్లందరికీ తెలుసు. కార్లు బారులు తీరిన రోడ్డు మీద కాదు. అక్కడ ముందు కారు వెనక పోతే సరిపోతుంది. ఖాళీ రోడ్డు దగ్గరే వస్తుంది చిక్కు. రాత్రి పదింటికి సరుకులు కొనుక్కుని, షాపు ముందున్న పార్కింగ్ నుంచి బయటకు మలుపు తిప్పేటప్పుడు చూసి అనుసరించడానికి ఒక్క కారూ ఉండదు. చెయ్యి తనంతట తాను ఇరవై ఏళ్ల అలవాటు ప్రకారం ఎడమ పక్కకు లాగుతుంది. బుర్రకు తెలుసు, చేతికి తెలియదు. ఇండికేటర్ వెయ్యబోతే వైపర్లు ఊగడం కూడా ఆ జాతి తప్పే, ఇండియాలో నడిచే చాలా కార్లలో ఆ రెండు మీటలూ అటుదిటు ఉంటాయి కనుక. చుక్క వాన లేకుండా మలుపు దగ్గర వైపర్లు ఊగుతున్న కారులో ఉన్నది ఏ దేశం మనిషో ఊహించడం కష్టం కాదు. అది నవ్వుకునే తప్పు. మొదటిది కాదు. రైల్వే మూడు ట్రిప్పుల్లో ఒకటి రాత్రిపూట ఉండాలని ఎందుకు పట్టుబట్టిందో ఆ పార్కింగ్ మలుపు దగ్గర అర్థమవుతుంది.

డాలస్ అమ్మాయి టెస్టు తప్పింది మాత్రం ఇలాంటి పెద్ద తప్పుల వల్ల కాదు. రాత పరీక్ష ఆమెకు లెక్కలోది కాదు, 30 ప్రశ్నల్లో 21 వస్తే చాలు. రోడ్డు మీదే పోయింది. అమెరికా కాలనీల్లో నాలుగు వీధుల కూడలి ఉంటుంది. లైటు ఉండదు, కానిస్టేబుల్ ఉండడు. నాలుగు వైపులా ‘స్టాప్’ అనే ఎర్ర బోర్డులుంటాయి. చక్రం పూర్తిగా ఆగాలి. ఎవరు ముందొచ్చి ఆగితే వారు ముందు వెళతారు. ఇద్దరు ఒకేసారి వస్తే కుడివైపున్న వారిది ముందు. ఈ లెక్క ఎవరూ నోటితో చెప్పుకోరు, కళ్లతో చూసుకుని పోతారు. హైదరాబాద్ డ్రైవరుకు ఇక్కడ రెండు రకాల పరాభవాలు సిద్ధంగా ఉంటాయి. ఎవరూ లేరు కదా అని కాస్త నెమ్మదించి దొర్లించుకుంటూ పోవడం ఒకటి. ఆగమన్నారు కదా అని ఆగి, తన వంతు వచ్చినా కదలకుండా అందరికీ దారి ఇస్తూ కూర్చోవడం రెండోది. మొదటిసారి ఆమె మొదటిది చేసింది. రెండోసారి జాగ్రత్తపడి రెండోది చేసింది.

తల తిప్పి చూడకపోవడం మరో తప్పు. లేను మారేటప్పుడు అద్దంలో చూస్తే చాలదు, భుజం మీదుగా వెనక్కి తిరిగి చూడాలి. చూసినట్టు పరీక్షకుడికి కనబడాలి. మన దగ్గర ఆ పని హారన్ చేస్తుంది. వెనకనున్నవాడు తానున్నానని హారన్ కొట్టి చెబుతాడు కాబట్టి ముందున్నవాడు తిరిగి చూడనక్కర్లేదు. లారీల వెనక ‘హారన్ ప్లీజ్’ అని రాసి మరీ అడుగుతారు. డాలస్‌లో హారన్ కొట్టడమంటే తిట్టడం. ఇక్కడ పలకరింపు, అక్కడ తిట్టు. రోడ్డుకూ వ్యాకరణం ఉంటుందని, అది ఊరు మారితే మారుతుందని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ దొరకదు. పసుపు రంగు స్కూలు బస్సు ఆగి ఎర్ర లైట్లు వెలిగిస్తే వెనక వచ్చే కార్లే కాదు, మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద ఎదురుగా వచ్చే కార్లు కూడా ఆగాలన్నది కూడా అలాంటిదే. పుస్తకంలో ఒక వాక్యం. కాళ్లకు బ్రేకు మీద అది గుర్తుకు రావాలంటే వాక్యం చాలదు.

టెస్టు కోసం పడే పాట్లు వేరు. 18 నుంచి 24 ఏళ్ల మధ్యవాళ్లు టెక్సాస్‌లో లైసెన్సు కోసం ఆరు గంటల కోర్సు చెయ్యాలి. ఎమ్మెస్ చదవడానికి వెళ్లే కుర్రాళ్లలో ఎక్కువమంది ఆ వయసువాళ్లే. అమెరికాలో చాలాచోట్ల టెస్టుకు కారు అభ్యర్థే తెచ్చుకోవాలి. దానికి ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ సక్రమంగా ఉండాలి. లైసెన్సు లేనివాడికి కారెలా వస్తుంది, కారు లేనివాడికి లైసెన్సెలా వస్తుంది అన్న చిక్కుముడిని తెలుగువాళ్లు తెలుగువాళ్ల పద్ధతిలోనే విప్పుకున్నారు. అన్నయ్య వరసయ్యే ఒకాయన శనివారం పొద్దున తన కారిస్తాడు. అపార్ట్‌మెంట్లో ముందే పాసైన అక్క పక్కన కూర్చుని సలహాలిస్తుంది. ‘పేరలల్ పార్కింగ్’ కోసం చెత్త డబ్బాలు రెండు నిలబెట్టి సాధన చేయిస్తారు. రైల్వే రూల్సు పుస్తకంలో లేదు గానీ, ఇది ఎల్.ఆర్. కాక మరేమిటి?

ఇంతకీ ఇండియా లైసెన్సును ఆ దేశాలు ఎందుకు నమ్మవు? టెక్సాస్ కెనడా, ఫ్రాన్స్, జర్మనీ, దక్షిణ కొరియా లైసెన్సులను పరీక్ష లేకుండా మార్చి ఇస్తుంది. బ్రిటన్ మార్చి ఇచ్చే దేశాల జాబితాలో దక్షిణాఫ్రికా, సింగపూర్, జింబాబ్వే కూడా ఉన్నాయి. ఇండియా లేదు. జాత్యహంకారం అని కొట్టిపారేయడం తేలిక. కానీ ఆర్టీవో ఆఫీసు గేటు ముందు నిలబడి ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుని ఆ మాట అనగలరా? 2004-05లో ఢిల్లీలో మరియన్ బెర్ట్రాండ్, సిమియన్ జాంకోవ్, రీమా హన్నా, సెంథిల్ ములైనాథన్ అనే ఆర్థికవేత్తలు లైసెన్సుకు వచ్చిన 822 మందిని అనుసరించి ఒక అధ్యయనం చేశారు. లైసెన్సు పొందినవారిలో దాదాపు 71 శాతం మంది డ్రైవింగ్ పరీక్షకే కూర్చోలేదు. తర్వాత విడిగా పరీక్ష పెట్టి చూస్తే 62 శాతం మందికి బండి నడపడం రాదని తేలింది. ఇంకా చేదు సంగతి మరొకటుంది. ఏజెంటు లేకుండా నిజాయితీగా టెస్టుకు వెళ్లినవాళ్లను, నడపడం వచ్చినా రాకపోయినా, ఎడాపెడా ఫెయిల్ చేశారు. బాగా నేర్చుకుని వెళ్లినా ప్రయోజనం లేదన్నమాట. ఈ అధ్యయనం 2007లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అచ్చయింది. 

ఆ తర్వాత మార్పులు వచ్చాయి, కాదనలేం. దరఖాస్తులు ఆన్‌లైన్ అయ్యాయి. 2021 నుంచి ఆధార్ సాయంతో లెర్నర్ పరీక్షను ఇంట్లో కూర్చునే రాయవచ్చు. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో నేర్చుకున్నవారికి ఆర్టీవో టెస్టు అక్కర్లేదన్న నిబంధన కూడా ఆ ఏడాదే వచ్చింది. సదుపాయం పెరిగింది. నమ్మకం పెరిగిందా అన్నది వేరే ప్రశ్న. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన ప్రాణాలు 1,68,491. ఆ అంకె చూశాక మన లైసెన్సును కళ్లకద్దుకుని తీసుకోమని మరో దేశాన్ని అడగడం కష్టమే. పరదేశంలో పరీక్ష తప్పిన ప్రతి మంచి డ్రైవరూ కొంతవరకు సొంత ఊళ్లో పరీక్ష లేకుండా పాసైనవారి అప్పు తీరుస్తున్నట్టే.

అయితే అవతలి దేశాల పరీక్షలన్నీ రోడ్డు కోసమే అనుకోవడం కూడా అమాయకత్వం. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లినవాళ్లనడిగితే చెబుతారు. 2014లో ఆ దేశం విదేశీయులకు మామూలు కారు లైసెన్సు ఇవ్వడానికి పెట్టిన షరతులు మూడు. నెలకు 600 దినార్ల జీతం, యూనివర్సిటీ డిగ్రీ, రెండేళ్ల నివాసం. వీటిలో ఒక్కదానికైనా స్టీరింగ్‌తో సంబంధం ఉందా? రోడ్ల మీద రద్దీ తగ్గించాలి, కాబట్టి పేదవాళ్లు బస్సెక్కాలి. అంతే లెక్క. షేక్ ఇంట్లో డ్రైవరు పనికి వచ్చినవాళ్లకు మాత్రం మినహాయింపు. అంటే యజమాని కారు నడపడానికి పనికొచ్చే చెయ్యి సొంత కారు నడపడానికి పనికిరాదు. ఆ పని మానేస్తే లైసెన్సూ పోయేది. అమెరికాలో ఈ గీత ఇంత మొరటుగా ఉండదు, వీసా తారీఖు రూపంలో ఉంటుంది. 2005 నాటి రియల్ ఐడీ చట్టం తర్వాత తాత్కాలిక వీసాల మీద ఉన్నవారి లైసెన్సుకు వారి వీసా గడువే గడువు. హెచ్-1బి పొడిగింపు దరఖాస్తు ప్రభుత్వ బల్ల మీద ఆగిపోతే, ఉద్యోగం చెయ్యడానికి 240 రోజుల వెసులుబాటు ఉంటుంది. ఆ ఉద్యోగానికి కారులో వెళ్లడానికి లైసెన్సు మాత్రం చెల్లకపోవచ్చు. నిన్నటి దాకా బాగా నడిపిన మనిషికి ఇవాళ నడపడం రాకుండా పోదు. పోయింది కాగితమే.

ఇందులో అందరికంటే ఎక్కువ నష్టపోయేది భర్త వెంట హెచ్-4 వీసా మీద వెళ్లే భార్య. మామూలుగా ఆమెకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. నంబరుకు అర్హత లేదని ఆ ఆఫీసు నుంచే ఒక ఉత్తరం తెచ్చుకుని లైసెన్సు కౌంటరు దగ్గర చూపించాలి. లేదు అని రుజువు చేసే కాగితం! డాలస్, హ్యూస్టన్ శివార్లలో కాలిబాట ఉన్నా అది ఎక్కడికీ తీసుకుపోదు. బస్సు ఉంటే ఉంటుంది. పాలప్యాకెట్టు కావాలన్నా, పిల్లకు జ్వరమొచ్చినా భర్త ఆఫీసు నుంచి రావాలి. ఖరగ్‌పూర్‌లో సైకిలు మీద గోల్ బజార్‌కు, స్కూలుకు, స్నేహితురాలి ఇంటికి తానే పోయి వచ్చిన అమ్మాయి, ఇంజనీరింగ్ పట్టా ఉన్న అమ్మాయి, పక్క వీధి దాకా వెళ్లడానికి ఇంకొకరి ఖాళీ సమయం కోసం ఎదురుచూడాలి. ఆమెకు లైసెన్సు ప్లాస్టిక్ ముక్క కాదు. అందులో బ్యాంకు ఉంది, డాక్టరు ఉన్నాడు, గుడి ఉంది, సాయంత్రం కాసేపు ఒంటరిగా తిరిగి రావడం ఉంది. ఆపద వస్తే ఆ ఇంట్లోంచి తనంతట తాను బయటపడే దారి కూడా అందులోనే ఉంది. కాబట్టి రెండుసార్లు టెస్టు తప్పితే ఆమె ఫోనులో ఏడవడం అతి కాదు.

కొన్నిచోట్ల కాస్త తెలివిగా ఆలోచిస్తున్నారు. జర్మనీ భారతీయ లైసెన్సును ఆరు నెలలు ఒప్పుకుంటుంది. ఆ తర్వాత థియరీ, రోడ్డు పరీక్షలు రెండూ పెడుతుంది గానీ, సొంత దేశపు కొత్తవాళ్ల మాదిరిగా తప్పనిసరి క్లాసులకు కూర్చోమనదు. బండి వచ్చునని ఒప్పుకుని దారి తెలుసో లేదో చూస్తుందన్నమాట. దుబాయ్ 2023లో సొంత దేశపు లైసెన్సున్న విదేశీయులకు క్లాసుల్లేకుండా ఒకే ఒక్కసారి పరీక్ష రాసే అవకాశం ఇచ్చింది. తప్పితే మళ్లీ స్కూలుకే. ఇవి సగం మేలు. ఎందుకంటే తొలి వారం సంగతి వీటిలోనూ లేదు. విమానం దిగినవాడికి కారు తాళం ఇచ్చే ముందు పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి, ఒకటి పగలు ఒకటి రాత్రి, రెండు గంటలు తిప్పి సంతకం తీసుకోవడానికి ఏ ప్రభుత్వానికైనా పెద్ద ఖర్చేమీ కాదు. బి.ఎన్.ఆర్. రోజుల నుంచి నడుస్తున్న పద్ధతి. దానివల్ల రైళ్లేమీ ఆగిపోలేదు.

ట్రాఫిక్‌లోని తండ్రి ఆ మధ్య విజిట్ వీసా మీద కూతురి దగ్గరకు వెళ్లాడనుకుందాం. ఆయనకు కారు నడపడం రాదు. జీవితంలో స్టీరింగ్ పట్టలేదు, రైలింజనులో స్టీరింగే ఉండదు. మూడో టెస్టుకు ముందు వారమంతా, అల్లుడు పక్క సీట్లో కూర్చుని నేర్పుతుంటే, ఆయన వెనక సీట్లో కూర్చున్నాడు. ఇంజనులో డ్రైవరూ అసిస్టెంటూ ప్రతి సిగ్నల్‌నూ చూసి బిగ్గరగా చెప్పుకోవాలి. ఒకరు అంటే రెండోవారు తిరిగి అనాలి. నలభై ఏళ్ల ఆ అలవాటు ఆయన్ని వదల్లేదు. కూడలి వంద గజాల దూరంలో ఉండగానే వెనక నుంచి ‘స్టాప్ బోర్డు!’ అని కేక.

అల్లుడికి నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. చిన్నప్పుడు ఇంట్లో విన్న గొంతే అది. ‘స్టాప్ బోర్డు’ అని తిరిగి చెప్పి, బ్రేకు నొక్కి, చక్రం పూర్తిగా ఆగాక కుడివైపు చూసింది.